వ్రాయువారికి ఒక పాఠము

చదువవలసిన వాక్యభాగములు: యిర్మీయా 36, 45 అధ్యాయములు; లూకా 1:1-4; ఫిలేమోనుకు వ్రాయబడిన పత్రిక



కొన్ని నెలల క్రిందట కృష్ణా జిల్లా సముద్రతీరమందలి ఒక గ్రామములో వృద్ధుడైన సంఘపెద్ద ఒకాయన ప్రభువునందు నిద్రించెను. ఆయననుగూర్చి నాలుగు మాటలు వ్రాయుమని సంఘమువారు మమ్మును కోరిరి. మేము బల్లయొద్ద కూర్చుండి అరగంటలో వ్రాసి ముగించితిమి. ఆయన భక్తిపరుడనియు, ప్రార్థనాపరుడనియు, అందరికి ఆదర్శప్రాయుడనియు, ఆయన లేని లోటు తీరనిదనియు వ్రాసితిమి. అందులో అబద్ధమేమియు లేదు. అది అచ్చుపడినది.

తరువాత ఆ గ్రామమునకు వెళ్లినప్పుడు ఆయన భార్యను పరామర్శింప బోతిమి. ఆమెకు చదువు రాదు. మనుమరాలిచేత రెండుసార్లు చదివించుకొని వినెనట. ఆమె మమ్మును కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, మెల్లగా ఇట్లనెను: "బాగానే రాశారండి అయ్యగారూ. కాని ఇది ఎవరు పోయినా రాయొచ్చు కదండీ. ఇందులో మా ఆయన ఎక్కడున్నాడు?"

మేము ఉత్తరమియ్యలేకపోతిమి. ఏలయనగా ఆమె చెప్పినది నిజము. ఇన్ని సంవత్సరములు వ్రాయుచు వచ్చిన మేము ఒక మనుష్యుని పేరు క్రింద ఏ మనుష్యునికైనను సరిపోవు మాటలు పెట్టితిమి. ఆ దినమునుండి మేము మరల విద్యార్థులమై, వ్రాయుటనుగూర్చి వాక్యములో ఏమి దొరకునో వెదకితిమి. దొరికినది మీతో పంచుకొనుటకే ఈ పాఠము.

"మేము రచయితలము కాము, ఈ పాఠము మాకెందుకు?" అని మీలో కొందరనవచ్చును. కాని సంఘ కూటపు తీర్మానములు వ్రాయు కార్యదర్శి మీలో ఉన్నాడు. ఆదివారపు బడి పిల్లలకు కథ వ్రాసుకొని చెప్పు సహోదరి ఉన్నది. దూరదేశములో పనిచేయు కుమారునికి ఫోనులో నాలుగు పంక్తులు పంపు తల్లి ఉన్నది. సాక్ష్యము వ్రాసి పంపగోరు యౌవనుడున్నాడు. అంతేకాదు, మన గ్రామ సంఘములలో పాతతరమువారు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. ఊరిలో మొదట సువార్త వినినది ఎవరు, మొదటి పాకగుడి ఎవరి దొడ్డిలో వేసిరి, కరువు వచ్చినప్పుడు ఎవరు ఎవరికి గింజలు కొలిచిరి అను సంగతులు అనేక చోట్ల నోటిమాటగానే యున్నవి. చెప్పువారు పోయిన తరువాత అడుగుటకు ఎవరును ఉండరు. కావున వ్రాయుట పండితులకు మాత్రమే విడిచిపెట్టవలసిన పని కాదు.

1. ముందు అడుగవలెను

లూకా తన సువార్త మొదట నాలుగు వచనములలో తాను వ్రాసిన విధమును చెప్పుచున్నాడు. తనకంటె ముందు అనేకులు ఈ పని పూనుకొనిరని ఒప్పుకొనుచున్నాడు. కన్నులార చూచినవారు అప్పగించిన సంగతులను ఆధారము చేసికొనుచున్నాడు. మొదటినుండి అన్నిటిని జాగ్రత్తగా పరిశోధించి, వరుసగా వ్రాయ నిశ్చయించుకొనుచున్నాడు. తెయొఫిలాకు తాను వినినవి నిశ్చయమని తెలియవలెనన్నదే ఆయన ఉద్దేశము. ఆయన వైద్యుడని కొలొస్సయులకు వ్రాయబడిన పత్రిక 4:14 వలన మనకు తెలియును. మంచి వైద్యుడు రోగిని అడుగక, నాడి చూడక మందియ్యడు.

మేము చేసిన మొదటి తప్పు ఇదే. మేము అడుగక వ్రాసితిమి. ఒకరినిగూర్చి వ్రాయవలసినప్పుడు కలము తీయక ముందు కనీసము ముగ్గురియొద్దకు వెళ్లుడి. ఇంటివారిని ఒకరిని, కలిసి పనిచేసినవారిని ఒకరిని, పొరుగువారిని ఒకరిని అడుగుడి. "ఆయన ఎటువంటివాడు?" అని అడిగినయెడల "మంచివాడు" అను ఒక్క మాటయే వచ్చును. "ఆయన తెల్లవారగానే ఏమి చేసేవాడు? ఆయనకు ఎప్పుడు కోపము వచ్చేది? మీరు ఎన్నడును మరువలేని దినము ఏది?" అని అడుగుడి. అప్పుడు మనుష్యుడు కనబడును. సంవత్సరములు, పేర్లు, ఊళ్లు అక్కడనే వ్రాసికొనుడి. ఇద్దరు రెండు విధములుగా చెప్పినయెడల మూడవవారిని అడుగుడి. నిశ్చయముగా తెలియనిదానిని విడిచిపెట్టుడి.

2. కనబడునట్లు వ్రాయవలెను

దావీదు పాపము చేసినప్పుడు నాతాను ప్రవక్త రాజునొద్దకు వచ్చి అన్యాయమునుగూర్చి ఉపన్యాసమియ్యలేదు. ఒక పేదవాని గొఱ్ఱెపిల్లనుగూర్చి చెప్పెను (2 సమూయేలు 12). అది వాని ముద్దలోనిది తినెను, వాని గిన్నెలోనిది త్రాగెను, వాని కౌగిట పండుకొనెను. ఈ మూడు సంగతులు వినిన రాజునకు కోపము రగులుకొనెను, తీర్పు తన నోటనే వచ్చెను. "ఆ పేదవాడు గొఱ్ఱెపిల్లను మిక్కిలి ప్రేమించెను" అని మాత్రమే చెప్పినయెడల రాజు విని ఊరకుండియుండునేమో.

సువార్తలలోను ఇట్లే యున్నది. తుపాను వేళ ప్రభువు నిద్రించెనని చెప్పి ఊరకొనక, దోనె అమరమున తలగడమీద నిద్రించెనని మార్కు చెప్పుచున్నాడు (4:38). అయిదువేలమంది కూర్చున్న చోట పచ్చిక పచ్చగా ఉండెనని ఆయనే చెప్పుచున్నాడు (6:39). ఆ చిన్నవాని రొట్టెలు యవల రొట్టెలని యోహాను చెప్పుచున్నాడు (6:9). యవలు పేదవారి ధాన్యము. ఆ ఒక్క మాటతో ఆ పిల్లవాని ఇల్లు ఎటువంటిదో మనము ఊహింపగలము.

మన భాషలోను గొప్ప మాదిరి యున్నది. వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ గారు (1895-1971) 1941లో వెలువడిన "గబ్బిలము" అను కావ్యములో, గుడిలోనికి రానియ్యబడని ఒక నిరుపేద తన మొరను శివునికి చెప్పుమని గబ్బిలముతో వర్తమానము పంపినట్లు వ్రాసిరి. పూర్వకవులు హంసను, మేఘమును పంపిరి. జాషువ గారు గబ్బిలమును ఏల ఎన్నుకొనిరి? ఆ మనుష్యునికి మూయబడిన గుడిలో గబ్బిలము తడవులేకుండ వ్రేలాడుచుండును. మనుష్యునికి లేని హక్కు గబ్బిలమునకు ఉన్నదని చెప్పుటకు వేరే వాదము అక్కరలేకపోయెను. తరువాత వారి "క్రీస్తు చరిత్ర"కు 1964లో సాహిత్య అకాడమి బహుమానము లభించెను. మన ఇంటి చూరును, మన గుడి కప్పును కన్నులు తెరచి చూచువానికి పోలికలకొరకు దూరము పోనక్కరలేదు.

కావున మీరు వ్రాసినదానిలో "గొప్ప", "ఎంతో", "మిక్కిలి", "ఆదర్శప్రాయుడు" వంటి మాటల క్రింద గీత గీయుడి. ప్రతి గీతకు పైన ఆ గొప్పతనమును చూపు ఒక పనిని వ్రాయుడి. పని దొరికినయెడల ఆ విశేషణము అక్కరలేదు. పని దొరకనియెడల మరల వెళ్లి అడుగుడి.

3. పరుగెత్తువాడును చదువగలుగునట్లు

దర్శనమును పలకమీద స్పష్టముగా వ్రాయుమని, చదువువాడు సులువుగా చదువగలుగునట్లు వ్రాయుమని హబక్కూకునకు ఆజ్ఞ కలిగెను (2:2). స్పష్టత దేవుడు కోరినది. కఠినమైన మాటలు కూర్చుట వలన వ్రాసినవానికి గౌరవము వచ్చునేమో గాని, వినువారికి మేలు కలుగదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) జనులు మాటలాడు తెలుగులోనే వ్రాయవలెనని జీవితకాలమంతయు పోరాడిరి. మేము పాత అలవాటుచొప్పున ఈ విధముగా వ్రాయుచున్నాము, మీరు క్షమింపవలెను. మీరు మాత్రము మీ నోట వచ్చు తెలుగులోనే వ్రాయుడి. ముఖ్యముగా ఒకరు పలికిన మాటను వ్రాయునప్పుడు దానిని దిద్దవద్దు. ఆ సంఘపెద్ద భార్య పలికిన మాటను గ్రంథభాషలోనికి మార్చినయెడల ఆమె గొంతు పోవును.

ఒక వాక్యములో ఒక సంగతి చెప్పుడి. వాక్యము మధ్య ఊపిరి చాలనియెడల దానిని రెండుగా విరువుడి. వ్రాసిన తరువాత గట్టిగా చదివి వినుడి. నాలుక తడబడిన చోట చదువరియు తడబడును.

4. విడిచిపెట్టుట నేర్చుకొనవలెను

ప్రభువు చేసిన సూచకక్రియలలో అనేకములు తన గ్రంథములో వ్రాయబడలేదని యోహాను చెప్పుచున్నాడు. వ్రాయబడినవి చదువరులు నమ్మి జీవము పొందుటకు వ్రాయబడెను (20:30, 31). అనగా యోహానుకు తెలిసినది ఎక్కువ, వ్రాసినది తక్కువ. తన ఉద్దేశమునుబట్టి ఆయన ఏరుకొనెను. మంచి సమరయుని కథ ఆరు వచనములే (లూకా 10:30-35). ఆ ఆరింటిలో దారి పేరున్నది, నూనెయు ద్రాక్షారసమును ఉన్నవి, పూటకూళ్లవానికిచ్చిన రెండు దేనారములున్నవి. దెబ్బలు తిన్నవాని పేరు లేదు, వాని కులము లేదు. కథకు కావలసినవన్నియు ఉన్నవి, అక్కరలేనిది ఒక్కటియు లేదు.

సాక్ష్యము వ్రాయువారు పుట్టినది మొదలు అన్నియు వ్రాయబూనుదురు. ఒక దినమును ఏరుకొనుడి. దేవుడు మిమ్మును ఆపిన దినమో, మీరు కన్నీళ్లు విడిచిన రాత్రియో, మీరు అప్పు తీర్చి తలయెత్తుకొని నడిచిన ఉదయమో, ఆ ఒక్కటి చక్కగా వ్రాయుడి. మిగిలినవి మరియొకసారి వ్రాయవచ్చును.

5. చదువువానిని ఎరిగి వ్రాయవలెను

ఉత్తరము వ్రాయుట నేర్చుకొనగోరువారు ఫిలేమోనుకు వ్రాయబడిన పత్రికను పదిసార్లు చదువవలెను. అది ఇరువదియైదు వచనములే. పారిపోయిన దాసుని సహోదరునిగా చేర్చుకొనుమని యజమానుని అడుగుట కష్టమైన పని. పౌలు మొదట ఫిలేమోను ప్రేమను తలంచుకొని దేవునికి కృతజ్ఞత చెల్లించుచున్నాడు. పదవ వచనమునకు గాని ఒనేసిము పేరు రాదు. ఆజ్ఞాపింపగలిగియు బతిమాలుచున్నాడు. అప్పు ఏమైన ఉన్నయెడల తన లెక్కలో వ్రాసికొనుమని, తానే తీర్తునని స్వహస్తముతో వ్రాయుచున్నాడు. ఎవరికి వ్రాయుచున్నాడో, ఏమి అడుగుచున్నాడో, అందుకు తానేమి ఇయ్యగలడో ఆయనకు తెలియును.

తహశీల్దారు కచేరికి వ్రాయునప్పుడు చదువువాడు వేరు, కావున ఉత్తరమును వేరు. అక్కడ ప్రసంగము పనికిరాదు. సమాధుల స్థలముకొరకు అర్జీ వ్రాయుచున్నారనుకొనుడి. పైన తేదీ, ఊరు, మండలము వ్రాయుడి. మొదటి వాక్యములోనే కోరునదేమో చెప్పుడి. సర్వే నంబరు, ఎన్ని కుటుంబములవారు, ఎన్ని సంవత్సరములనుండి ఆ స్థలమును వాడుచున్నారు, ఇప్పుడు వచ్చిన ఇబ్బంది ఏమి అనువాటిని వరుసగా వ్రాయుడి. ఒక కాగితము మించనియ్యకుడి. నకలు ఉంచుకొని, ఇచ్చినట్లు రశీదు తీసికొనుడి. వ్రాత తిన్నగా లేని అర్జీ బల్లమీద నిలిచిపోయిన ఊళ్లను మేము చూచియున్నాము. అక్కడ నష్టపోయినది వ్రాసినవాడు కాదు, చనిపోయినవారిని ఎక్కడ పెట్టుదుమని ఏడ్చిన ఇంటివారు.

6. కాలిపోయినదానిని మరల వ్రాయుట

ఇప్పుడు యిర్మీయా 36వ అధ్యాయమునకు రండి. యెహోయాకీము ఏలుబడి నాలుగవ సంవత్సరమున దేవుడు యిర్మీయాకు గ్రంథము వ్రాయుమని సెలవిచ్చెను. అప్పటికి యిర్మీయా ఇరువదిమూడు సంవత్సరములుగా ప్రవచించుచుండెను (25:3). ఆ మాటలన్నిటిని యిర్మీయా చెప్పగా, నేరీయా కుమారుడైన బారూకు సిరాతో వ్రాసెను. మరుసటి సంవత్సరము తొమ్మిదవ మాసమున దేవాలయములో జనులకు చదివి వినిపించెను. తుదకు అది రాజునొద్దకు పోయెను. రాజు శీతకాలపు నగరులో కుంపటి ముందు కూర్చుండియుండెను. యెహూది మూడు నాలుగు పుటలు చదువగానే రాజు చాకుతో కోసి కుంపటిలో వేయుచు వచ్చెను. గ్రంథమంతయు కాలిపోయెను. కాల్చవద్దని ముగ్గురు అధికారులు బతిమాలినను వినలేదు.

ఇరువదిమూడు సంవత్సరముల మాటలు ఒక్క దినమున బూడిదయైనవి. అప్పుడు దేవుని ఆజ్ఞ ఏమి? మరియొక గ్రంథము వ్రాయుమనియే. బారూకు మరల కూర్చుండెను. రెండవ గ్రంథములో మొదటి మాటలన్నియు వ్రాయబడెను, అట్టివి మరి అనేకములు కలుపబడెను (36:32). రెండవది మొదటిదానికంటె పెద్దదాయెను.

వ్రాయువారు ఈ అధ్యాయమును మరువకూడదు. మనము వ్రాసినదానిని రాజులు కాల్చరు గాని, పత్రికలవారు త్రిప్పి పంపుదురు, స్నేహితులు నవ్వుదురు, వాన నీటికి కాగితము తడిసిపోవును, కొన్నిసార్లు మనమే చింపివేయుదుము. అంతటితో పని ముగియదు. మొదటిసారి వ్రాసినది మన తలంపును మనకు చూపును. రెండవసారి వ్రాసినది చదువరికి చూపును. కావున వ్రాసినదానిని ఒక రాత్రి ప్రక్కన పెట్టుడి. ఉదయమున గట్టిగా చదువుడి. సంగతి తెలిసిన ఒకరికి, తెలియని ఒకరికి చదివి వినిపించుడి. తెలిసినవారు తప్పులు దిద్దుదురు, తెలియనివారు ఎక్కడ అర్థము కాలేదో చెప్పుదురు. తరువాత తెల్లకాగితముమీద మొదటినుండి వ్రాయుడి.

7. పేరుకొరకు కాదు

అదే సంవత్సరమున బారూకు తనకు నెమ్మది లేదని మూలిగెను. తనకొరకు గొప్పవాటిని వెదకవద్దని దేవుడు అతనికి చెప్పి, ఎక్కడికి వెళ్లినను ప్రాణము దక్కునని వాగ్దానము చేసెను (45వ అధ్యాయము). రోమీయులకు వ్రాయబడిన పత్రికను చేతితో వ్రాసినది తెర్తియు. అంత పెద్ద పత్రికలో అతడు తనకొరకు తీసికొనినది ఒక్క వందన వచనమే (16:22).

మన తెలుగు వాక్యమునకును ఇట్టి చరిత్రయే యున్నది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను మిషనరీలు తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు అను విశ్వాసి సహాయముతో సువార్తలను తెనిగింప పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. ఆ ఇద్దరును అచ్చుపుస్తకమును చేతపట్టుకొని చూడలేదు. అయినను వారి ప్రయాస ఆగక చదువరులయొద్దకు చేరెను.

ఈ నెల చేయవలసిన పని

ఒక నోటుపుస్తకము ప్రత్యేకముగా పెట్టుకొనుడి. ప్రతిదినము దీపము ఆర్పకముందు పావుగంట సేపు అయిదు పంక్తులు వ్రాయుడి: ఆ దినమున చూచినది ఒకటి, వినిన మాట ఒకటి, తెలిసికొనినది ఒకటి. తోచలేదను దినమున తోచలేదనియే వ్రాసి, వాకిట ఏమి కనబడుచున్నదో వ్రాయుడి. వారమునకొకసారి మార్కు సువార్తలో ఒక అధ్యాయము గట్టిగా చదివి, ఎక్కడ మొదలుపెట్టెను, ఏమి చూపెను, ఎక్కడ ఆపెను అని చూడుడి. నెల ముగియకముందు మీ సంఘములో అందరికంటె వృద్ధులైన ఒకరియొద్దకు వెళ్లి, వారు చెప్పినది వ్రాసి, వారికే చదివి వినిపించుడి. ఈ చివరి పనిని వాయిదా వేయకుడి.

మేమును ఆ పని చేసితిమి. ఆ సంఘపెద్ద భార్యయొద్దకు మరల పోయి, ఈసారి మేము మాటలాడక వినుచు కూర్చుంటిమి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు వారిద్దరును యౌవనులు. నీళ్లు ఇంటిలోనికి వచ్చుచుండగా ఆయన గుడిలోనికి పరుగెత్తి బాప్తిస్మముల పుస్తకమును తెచ్చి, బట్టలో చుట్టి తలకు కట్టుకొని, భార్యను ముందు తాటిచెట్టు ఎక్కించి, తాను ఎక్కి, తెల్లవారువరకు పట్టుకొని యుండెను. ఆ పుస్తకములో ఉన్న వారిలో అనేకులు ఆ రాత్రి కొట్టుకొనిపోయిరి. వారిలో వారి పెద్దబిడ్డ యొకతె. ప్రతి సంవత్సరము ఆ దినమున ఆయన గుడిలో నిలువబడి ఆ పేర్లు ఒక్కొక్కటి గట్టిగా చదివెడివాడట. "ఫొటోలు లేవండీ. వాళ్ల పేర్లు ఉన్న కాగితం అదొక్కటే," అని ఆమె చెప్పెను.

మేము ఇంటికి వచ్చి రెండవ గ్రంథము వ్రాసితిమి. దానిని తీసికొనిపోయి ఆమెకు చదివి వినిపించితిమి. పుస్తకమును తువాలులో చుట్టెనని చదువగానే ఆమె చెయ్యి అడ్డముపెట్టి, "తువాలు కాదండి, నా కోక. నేనే చింపి ఇచ్చాను," అనెను. మేము అక్కడనే తువాలు కొట్టివేసి కోక అని వ్రాసితిమి. ఆమె మిగిలినది మౌనముగా వినెను. తరువాత మనుమరాలిని పిలిచి, ఆ కాగితమును బైబిలులో పెట్టుమనెను.

ప్రియులారా, మీ ఊరిలోను ఇట్టి కోకలున్నవి, ఇట్టి పుస్తకములున్నవి, అడిగితేనే గాని చెప్పని వృద్ధులున్నారు. బారూకు చేతిని బలపరచిన దేవుడు మీ చేతిని బలపరచునుగాక. ఆమేన్.